స్టిక్కర్‌ చూసి లాప్‌టాప్‌ కొంటే చేతి చమురే

ఎప్‌సెట్‌ కౌన్సెలింగ్‌ ముగిసి ఇంజినీరింగ్‌ కాలేజీలు తెరిచే రోజులొచ్చాయంటే రెండు తెలుగు రాష్ట్రాల్లో చాలా ఇళ్ళలో ఒకటే చర్చ, లాప్‌టాప్‌ ఏది కొనాలని. తండ్రి యాభై, అరవై వేల దగ్గర గీత గీస్తాడు. పిల్లలు చదువుకు పనికొస్తే చాలంటూనే సాయంత్రం ఓ గంట వాలరెంట్‌ ఆడుకోవాలనీ, సెలవుల్లో జీటీఏ నడవాలనీ మనసులో పెట్టుకుంటారు. అందులో తప్పేం లేదు. చిక్కల్లా ఎంచుకునే తీరులోనే ఉంది. ప్రాసెసర్‌ పేరు, గ్రాఫిక్స్‌ కార్డు పేరు, మూత మీద ‘గేమింగ్‌’ ముద్ర చూసి డబ్బు కట్టేస్తున్నాం. ఆట ఎలా నడుస్తుందో తేల్చేవి మాత్రం పెట్టె మీద తరచూ కనిపించని అంకెలు. లక్షన్నర పెట్టేవాళ్ళు పేరును నమ్మి పొరబడినా ఎంతోకొంత బలమున్న యంత్రమే ఇంటికొస్తుంది. యాభై వేలు పెట్టేవాళ్ళకు ఆ వెసులుబాటు లేదు. కాబట్టి చవకలో కొనేవాళ్ళే పేరును పక్కనపెట్టి లోపలి సంగతి ఎక్కువగా అడగాలి.

ముందు ప్రాసెసర్‌ సంగతి. ఏఎండీ రైజెన్‌ 5 స్టిక్కర్‌ ఉన్న మూడు రకాలను పక్కపక్కన పెట్టి చూడండి: 7520యూ, 7530యూ, 7640యూ. మూడూ 7000 వరుసలోవే. మొదటి దాని లోపల 2019 నాటి జెన్‌ 2 నిర్మాణం, నాలుగు కోర్లు, గ్రాఫిక్స్‌కు రెండంటే రెండే యూనిట్లు. రెండోది జెన్‌ 3, ఆరు కోర్లు, పాతబడిన వేగా గ్రాఫిక్స్‌. మూడోది జెన్‌ 4, ఆరు కోర్లు, కొత్త తరం గ్రాఫిక్స్‌ యూనిట్లు ఎనిమిది. ఈ వరుసలో ఏ తరం నిర్మాణమో మూడో అంకె చెబుతుంది. ఈ గుట్టు కంపెనీయే బయటపెట్టింది గానీ, కౌంటర్‌ దగ్గర ఎవరూ విప్పి చెప్పరు. ఇంటెల్‌లో మరో తిరకాసుంది. పేరు చివర ‘హెచ్‌’ ఉంటే బలమైనదని అందరి నమ్మకం. పక్కన విడిగా గ్రాఫిక్స్‌ కార్డు ఉన్నప్పుడు ఆ నమ్మకం చెల్లుతుంది. కార్డు లేని లాప్‌టాప్‌లో అదే ప్రాసెసర్‌ వస్తే కథ మారుతుంది. ఐ5-13420హెచ్‌లో సొంత గ్రాఫిక్స్‌ యూనిట్లు 48, ‘బలహీనమైనది’గా ముద్రపడ్డ ఐ5-1335యూలో 80. పేరు చూసి ‘హెచ్‌’ కొన్నవాళ్ళకు ఆటల దగ్గర పేరు గొప్ప, ఊరు దిబ్బ.

రెండోది ర్యామ్‌. ప్రకటనల్లో ఎన్ని జీబీలో మాత్రమే వేస్తారు. ఆ జీబీలు ఒక్క స్టిక్‌గా ఉన్నాయా, రెండుగా ఉన్నాయా అన్నది అంతకు తక్కువ ముఖ్యం కాదు. ప్రాసెసర్‌లో కలిసి ఉన్న గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ ఉండదు, అది ర్యామ్‌నే వాడుకుంటుంది. ఒకే స్టిక్‌ ఉంటే రాకపోకల దారి 64 బిట్లు, రెండుంటే 128. కల్యాణ మండపం ఎంత పెద్దదైనా ఒక్క తలుపే తెరిస్తే జనం గుమ్మం దగ్గరే ఆగిపోతారు, ఇక్కడ జరిగేదీ అదే. దీనికి తిరుగులేని సాక్ష్యం ఇంటెలే ఇచ్చింది. ఐరిస్‌ ఎక్స్‌ఈ గ్రాఫిక్స్‌ ఉన్న లాప్‌టాప్‌లో రెండు దారుల ర్యామ్‌ లేకపోతే విండోస్‌ దాన్ని మామూలు యూహెచ్‌డీ గ్రాఫిక్స్‌గానే చూపిస్తుంది. 2023 చివర్లో వచ్చిన కోర్‌ అల్ట్రా ‘హెచ్‌’ రకాల్లో ఆర్క్‌ అనే పేరు కనిపించాలంటే రెండు దారులతో పాటు కనీసం 16 జీబీ ఉండాలని షరతు పెట్టింది. అంటే చిప్‌ తయారుచేసిన సంస్థే ఒంటి స్టిక్‌ యంత్రానికి ఆ పేరు ఇవ్వడానికి ఒప్పుకోవడం లేదు. డీడీఆర్‌5 ఒక్క స్టిక్‌లోనే రెండు దారులుంటాయి కదా అని కొందరు అమ్మకందారులు సర్దిచెబుతారు. ఆ రెండూ 32 బిట్ల సన్న దారులు, కలిపితే మళ్ళీ 64 బిట్లే. దుకాణంలోనే టాస్క్‌ మేనేజర్‌ తెరిచి, పెర్ఫార్మెన్స్‌లో మెమరీ నొక్కితే ఎన్ని స్లాట్లు వాడారో కనిపిస్తుంది. అదే జాబితాలో కింద జీపీయూ అసలు పేరూ ఉంటుంది. ఒక్క నిమిషం పని. ర్యామ్‌ బోర్డుకే అతికించి ఉన్న పల్చటి మోడళ్ళలో దారులు చాలావరకు రెండూ ఉంటాయి గానీ తర్వాత పెంచుకునే వీలుండదు. అక్కడ కొనేనాడే 16 జీబీ తీసుకోవాలి.

మూడోది విడి గ్రాఫిక్స్‌ కార్డు. విక్టస్‌, లాక్‌, టఫ్‌, నైట్రో లాంటి పేర్లతో వచ్చే చవక గేమింగ్‌ లాప్‌టాప్‌లన్నీ దీని చుట్టూనే తిరుగుతాయి. ఇక్కడ పేరు కంటే వాట్లు ముఖ్యం. ఎన్విడియా ఆర్‌టీఎక్స్‌ 3050 లాప్‌టాప్‌ కార్డును 35 వాట్ల నుంచి 80 వాట్ల దాకా ఎక్కడైనా నడపవచ్చు. 4050 అయితే 35 నుంచి 115 దాకా. ఎంత కరెంటు ఇవ్వాలో లాప్‌టాప్‌ కంపెనీ తన డబ్బా మందాన్ని బట్టి, ఫ్యాన్లను బట్టి తేల్చుకుంటుంది. అందుకే ఒకే పేరున్న రెండు కార్డులు ఒకే ఆటలో ఒకే వేగం చూపవు. దాని మీద 3050లోనే 4 జీబీ రకం, 6 జీబీ రకం రెండూ ఉన్నాయి. ఆర్‌టీఎక్స్‌ అన్న మూడక్షరాలు చూసి 2050కి మొగ్గేవాళ్ళూ తక్కువేం కాదు. అది 4 జీబీ, 64 బిట్ల దారి ఉన్న చిన్న కార్డు. తక్కువ వాట్లు ఇచ్చే రకాలకు 2021కి ముందు ‘మ్యాక్స్‌ క్యూ’ అన్న గుర్తు ఉండేది. ఆ తర్వాత ఆ పద్ధతి పోయింది, వాట్లు ఎక్కడో స్పెసిఫికేషన్ల అట్టడుగున వెతుక్కోవాల్సి వస్తోంది. ఎన్విడియా కంట్రోల్‌ ప్యానెల్‌లో సిస్టమ్‌ ఇన్ఫర్మేషన్‌ తెరిస్తే ఆ అంకె దొరుకుతుంది. డెమో పీసు ముందుంటే చూపించమని అడగడంలో మొహమాటమెందుకు?

సరదాగా ఆడుకునేవాళ్ళకు ఇంత గొడవ అవసరమా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. నిజానికి నా వాదనకు అదే బలం. ముందు ఏ ఆటలో తేల్చుకుంటే చాలామందికి విడి కార్డు అవసరమే ఉండదు. వాలరెంట్‌ కనీసార్హత ఇంటెల్‌ హెచ్‌డీ 4000. అది 2012 నాటి గ్రాఫిక్స్‌. 2015లో కంప్యూటర్లకు వచ్చిన జీటీఏ 5 పాత కూర్పు కనీసంగా అడిగింది 2008 నాటి 9800 జీటీ కార్డును. కనీసార్హతతో ఆడితే హాయిగా ఉండదన్నది నిజమే, కానీ నేటి మంచి అంతర్గత గ్రాఫిక్స్‌ ఆ గీతకు ఎంతో పైన ఉంది. 2022లో వాల్వ్‌ సంస్థ తెచ్చిన స్టీమ్‌ డెక్‌ చూడండి. విడి కార్డు లేదు, ఎనిమిది గ్రాఫిక్స్‌ యూనిట్లు, గరిష్ఠంగా 15 వాట్ల చిప్‌, 16 జీబీ ర్యామ్‌. దాని మీద జనం ఎన్నో పెద్ద ఆటలే ఆడుతున్నారు. కిటుకు తెరలో ఉంది. 1280×800 అంటే పది లక్షల చిల్లర చుక్కలు, మన లాప్‌టాప్‌ల 1920×1080 అంటే దానికి రెట్టింపు. ఆటలో రిజల్యూషన్‌ ఒక మెట్టు దించి, గ్రాఫిక్స్‌ ‘లో’లో పెట్టుకోవడానికి సిద్ధపడితే రెండు దారుల ర్యామ్‌తో వచ్చే 660ఎం, 680ఎం, 760ఎం తరగతి ఏఎండీ రేడియాన్‌ గ్రాఫిక్స్‌, లేదా ఆర్క్‌ ఉన్న కోర్‌ అల్ట్రా సరిపోతాయి. అలా కాదు, సైబర్‌పంక్‌ 2077 లాంటివి కావాలంటే సంగతి వేరు. 2023 మార్పుల తర్వాత ఆ ఆట కనీసంగా 6 జీబీ కార్డు, 12 జీబీ ర్యామ్‌ అడుగుతోంది. అలాంటివాళ్ళు 6 జీబీ 3050 గానీ 4050 గానీ వాట్లు చూసుకుని కొనాలి. 4 జీబీ కార్డు, 8 జీబీ ర్యామ్‌ ఉన్న ‘గేమింగ్‌’ లాప్‌టాప్‌ మాత్రం ఈ రెండు వర్గాల్లో ఎవరికీ అక్కరకు రాదు. అమ్ముడుపోయేది కేవలం పేరు మీద.

నాలుగేళ్ళ చదువు, లాప్‌టాప్‌లో గ్రాఫిక్స్‌ కార్డు మార్చలేం, కాబట్టి ఇప్పుడే పెద్దది కొనాలి అన్నది రెండో అభ్యంతరం. కార్డు మార్చలేమన్నది నిజం. అయితే ముందు చేతులెత్తేసేది ఆ 4 జీబీ మెమరీయే. భవిష్యత్తు కోసమని దాన్ని కొనడంలో అర్థం లేదు. ర్యామ్‌ తర్వాత వేయించుకుందామన్న పాత సలహా కూడా ఇప్పుడు అంత చవకగా తేలదు. కృత్రిమ మేధ సర్వర్లకు గిరాకీ పెరిగి 2025 చివర్లో మెమరీ ధరలు ఎగిశాయి. మైక్రాన్‌ సంస్థయితే ఇళ్ళకు అమ్మే క్రూషియల్‌ ర్యామ్‌ వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు ఆ డిసెంబరులో ప్రకటించింది. ఒకే ధరలో ఐ7 ప్రాసెసర్‌తో 8 జీబీ, ఐ5తో 16 జీబీ కనిపిస్తే ఈ రోజుల్లో రెండోదే బేరం.

మన వాతావరణం సంగతి కంపెనీల బొమ్మల్లో కనిపించదు. చాలా లాప్‌టాప్‌ల స్పెసిఫికేషన్లలో పనిచేసే ఉష్ణోగ్రత 35 డిగ్రీల దాకా అని రాసి ఉంటుంది. మే నెలలో రామగుండంలోనో, విజయవాడలోనో ఏసీ లేని హాస్టల్‌ గది ఆ హద్దు దాటడం వింత కాదు. గది వేడెక్కిన కొద్దీ చిప్‌ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. పల్చటి డబ్బాలో పెద్ద కార్డు కుక్కిన యంత్రాలకు ఈ దెబ్బ ముందు తగులుతుంది. మరోవైపు మందపాటి గేమింగ్‌ లాప్‌టాప్‌ బరువు రెండు కిలోలు దాటుతుంది, ఛార్జర్‌ అదనం, బ్యాటరీ మీద ఆట వేగం పడిపోతుంది. రోజంతా క్లాసు, సాయంత్రం గంటసేపు ఆట అన్నప్పుడు ఏ అవసరానికి ఎంత కట్టాలో లెక్క వేసుకోవాలి. తెర కూడా ఆ లెక్కలోదే. 144 హెర్ట్జ్‌ అని పెద్దక్షరాల్లో వేసి, పక్కనే ‘45 శాతం ఎన్‌టీఎస్‌సీ’ అని చిన్నగా రాస్తే అది రంగులు వెలిసిపోయిన తెర. నాలుగేళ్ళూ చూడాల్సింది దాన్నే.

అంత డబ్బుకు డెస్క్‌టాప్‌ మేలంటారు. బలం విషయంలో నిజమే, హాస్టల్‌కూ ఇంటికీ తిరిగే విద్యార్థికి మాత్రం కుదరదు. సికింద్రాబాద్‌ పార్క్‌లేన్‌ లాంటి చోట్ల దొరికే పాత ఆఫీసు లాప్‌టాప్‌లూ కొట్టిపారేయదగ్గవి కావు. అయితే విండోస్‌ 10కి మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్‌ 11కు ఇంటెల్‌ ఎనిమిదో తరం గానీ ఆ పైది గానీ, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలి. విండోస్‌ 11లో వాలరెంట్‌ కూడా టీపీఎం 2.0, సెక్యూర్‌ బూట్‌ ఉంటేనే తెరుచుకుంటుంది. ఇవి చూడకుండా పాతది కొంటే చవకా ఉండదు, ఆటా ఉండదు.

ఇంతకీ ఈ వెతుకులాట భారమంతా కొనేవాళ్ళ మీదే ఎందుకుండాలి? ఏసీ మీద నక్షత్రాల లేబుల్‌ తప్పనిసరి, ఏడాదికి ఎన్ని యూనిట్లు కాలుతుందో అక్కడే ఉంటుంది. వస్తువు నాణ్యత, సామర్థ్యం తెలుసుకోవడాన్ని 2019 వినియోగదారుల రక్షణ చట్టం హక్కుగా గుర్తించింది. లాప్‌టాప్‌ పెట్టె మీదా, అమ్మకం పేజీలోనూ మూడు వరుసలు తప్పనిసరి చేస్తే ఆ హక్కుకు అర్థం ఉంటుంది: గ్రాఫిక్స్‌కు ఇచ్చే వాట్లు, ర్యామ్‌ దారులూ ఖాళీ స్లాట్లూ, తెర రంగుల శాతం. మామూలు జనానికి ఈ అంకెలు అర్థం కావని వాదించేవాళ్ళుంటారు. ఏసీ లేబుల్‌ మీది అంకెల లెక్క ఇంట్లో అందరికీ తెలుసా? పోల్చుకోవడానికి వీలుంటే చాలు, అర్థమైన ఒకరిద్దరు పదిమందికి చెబుతారు, కంపెనీలూ ఒళ్ళు దగ్గర పెట్టుకుంటాయి. అలాంటి నిబంధన వచ్చేదాకా పని కొనేవాళ్ళదే. డబ్బు కట్టే ముందు ఆ మూడూ అడగండి. జవాబు లేని లాప్‌టాప్‌ మీద ‘గేమింగ్‌’ అని ఎంత పెద్దక్షరాల్లో రాసి ఉన్నా, ఆ అక్షరాలకు అదనంగా ఒక్క రూపాయి కూడా కట్టక్కర్లేదు.