కాన్ఫిడెన్స్ కొనుక్కోమనేవాళ్లతో పేచీ

హైదరాబాద్ అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల జావా, పైథాన్ కోర్సుల బోర్డుల మధ్య ఇంకో సరుకు కూడా అమ్మకానికి ఉంటుంది. దాని పేరు కాన్ఫిడెన్స్. ఇంజినీరింగ్ కాలేజీల సీఆర్‌టీ (క్యాంపస్ రిక్రూట్‌మెంట్ ట్రైనింగ్) క్లాసుల్లోనూ పెద్దపీట దానికే. షేక్‌హ్యాండ్ గట్టిగా ఇవ్వు, కళ్లలోకి చూడు, కుర్చీ అంచున కూర్చోకు, నవ్వు చెదరనివ్వకు. ఉద్యోగం రాక ఇంటికొచ్చిన కుర్రాడికి బాబాయి చెప్పేదీ ఇదే: 'నీకు సబ్జెక్టు ఉందిరా, కాన్ఫిడెన్సే లేదు.' వినడానికి ఓదార్పులా ఉంటుంది గానీ లోపల ఒక తీర్పు దాగి ఉంది. భయపడటం అభ్యర్థి లోపం, అది పోతే తప్ప ఇంటర్వ్యూకు పనికిరాడు, కాబట్టి ముందు భయం సంగతి చూసుకోవాలి, మిగతావి తర్వాత. ఈ వరుస తలకిందులైందని నా వాదన. మొదటి ఇంటర్వ్యూకు వెళ్లే మనిషికి భయం ఉంటుంది. ఉండనివ్వాలి. చేతిలో ఉన్న పది రోజులూ దాన్ని తరిమికొట్టడానికే ఖర్చుపెడితే అది పోదు సరికదా, చెప్పుకోవాల్సిన విషయం సిద్ధం కాకుండానే ఆ రోజు వచ్చి కూర్చుంటుంది.

ఈ పాఠాలకు శాస్త్రం అండ ఉందంటారు. మన మాటల ప్రభావం 7 శాతమే, గొంతుది 38, శరీరభాషది 55 అనే లెక్క వినిపించని పర్సనాలిటీ డెవలప్‌మెంట్ క్లాసు అరుదు. ఆ అంకెలు ఆల్బర్ట్ మెహ్రాబియన్ అనే మనస్తత్వవేత్త 1967లో ప్రచురించిన ప్రయోగాల నుంచి వచ్చాయి. అక్కడ ఇంటర్వ్యూ లేదు, ఉపన్యాసం లేదు. ఒక్కో విడి మాటను రకరకాల స్వరాల్లో వినిపించి, ముఖాల ఫొటోలు చూపించి, ఆ మాట అన్న మనిషిలో ఇష్టం కనిపిస్తోందా, అయిష్టం కనిపిస్తోందా అని అడిగారు. ఇష్టాయిష్టాలు, మనోభావాలు చెప్పుకునే సందర్భాలు దాటితే తన సూత్రం వర్తించదని మెహ్రాబియనే స్పష్టం చేశాడు. అయినా లెక్క మాత్రం ఊరేగుతూనే ఉంది. అదే నిజమైతే రేడియోలో వార్తలు విన్న మన తాతలకు సగానికి పైగా అందకుండా పోయిందనుకోవాలి. రెండు నిమిషాలు చేతులు చాపి విజేతలా నిలబడితే ఒంట్లో హార్మోన్లే మారిపోతాయన్న 'పవర్ పోజ్' కథా ఇంతే. 2010 నాటి ఆ ప్రయోగంలో ఉన్నది 42 మంది. అది చేసినవాళ్లలో ఒకరైన ఎమీ కడీ 2012లో ఇచ్చిన టెడ్ ప్రసంగంతో లోకమంతా పాకింది. 2015లో ఇంకొక బృందం 200 మందితో చేసి చూస్తే హార్మోన్ల మార్పు కనిపించలేదు; కాస్త బలం వచ్చినట్టు అనిపించడం వరకే మిగిలింది. మొదటి పరిశోధకుల్లో మరొకరైన డేనా కార్నీ, ఈ ప్రభావం నిజమని తాను ఇక నమ్మడం లేదని 2016లో బహిరంగంగా ప్రకటించింది. మన క్లాసుల్లో ఇంకా చేతులు చాపిస్తూనే ఉన్నారు.

అసలు భయం పుడుతున్న చోటు వేరు. ఫ్రెషర్ చేతిలో ఉండేది ఒకటి రెండు పేజీల రెజ్యూమె. అందులో అందరికీ ఒకేలా ఉండే ఆబ్జెక్టివ్, సీనియర్ దగ్గర తెచ్చుకున్న వాక్యాలు, పేరు తప్ప పని తెలియని భాషల జాబితా, ఆఖరి సంవత్సరం ప్రాజెక్టు. ఆ ప్రాజెక్టు డబ్బిచ్చి కొన్నది కావడం అంత అరుదేమీ కాదు. కోడూ, రిపోర్టూ, పీపీటీ కలిపి ఒకే బేరం. అది బస్ టికెట్ల బుకింగ్ సైటు అనుకుందాం. 'ఒక్క సీటే మిగిలింది, ఇద్దరు ఒకే క్షణంలో డబ్బు కట్టారు, నీ ప్రోగ్రాం ఏం చేస్తుంది?' అని అడిగేసరికి గొంతు తడారిపోతుంది. అది పిరికితనం కాదు. తన పేరు కింద తనది కానిది ఉందని ఒంటికి తెలిసిపోవడం. దీనికి ఛాతీ విరుచుకుని కూర్చోవడం మందెలా అవుతుంది? ఇంటి దగ్గరే ఆ సైటును రెండు బ్రౌజర్లలో తెరిచి, ఒకే సీటును రెండింటిలోనూ బుక్ చేయడానికి ప్రయత్నించి చూడాలి. కొనుక్కొచ్చిన కోడు అయితే ఇద్దరికీ టికెట్ ఇచ్చేసినా ఆశ్చర్యం లేదు. ఎందుకిచ్చిందని తవ్వితే, సీటు ఖాళీగా ఉందా అని చూడటానికీ, దాన్ని ఒకరి పేరున రాయడానికీ మధ్య చిన్న సందు ఉందని కనిపిస్తుంది. ట్రాన్సాక్షన్, లాకింగ్ అని పరీక్షకు బట్టీపట్టిన నిర్వచనాలు ఆ సందు మూయడానికి పుట్టినవని అప్పుడు తెలుస్తుంది. మూయడం చేతకాకపోయినా ఫరవాలేదు. 'తప్పు ఇక్కడుంది, ఇలా బయటపడింది, ఇలా సరిచేయొచ్చనుకుంటున్నాను' అని చెప్పే అమ్మాయి చేతులు వణుకుతున్నా, అడిగినవాళ్ల చూపు చేతుల మీద ఎంతోసేపు నిలవదు. బీకాం చదివినవాళ్లకైనా అంతే. తెలిసినవాళ్ల కిరాణా కొట్టు లెక్కలు ముందేసుకుని, క్యాష్‌బుక్ నిల్వ, పాస్‌బుక్ నిల్వ ఎందుకు కలవవో కనుక్కుని ఒక నెలకు కుదర్చగలిగితే, 'అనుభవం లేదు' అన్న మాట సగం అబద్ధమైపోతుంది.

ఇంటర్వ్యూ చేసేవాళ్లు తళుకుకే పడిపోతారు కదా, విషయం ఎవరికి కావాలి అంటారు. ఇది గట్టి అభ్యంతరమే. నోరున్నవాడిదే రాజ్యం అన్న మాట ఊరికే పుట్టలేదు. 1915లోనే వాల్టర్ డిల్ స్కాట్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త, సేల్స్ ఉద్యోగాలకు వచ్చిన 36 మందిని ఆరుగురు మేనేజర్ల చేత విడివిడిగా అంచనా వేయిస్తే ఒకరి వరుసకూ ఇంకొకరి వరుసకూ పొంతన లేకపోయింది. 2013లో అచ్చయిన ఒక పరిశోధనలో, ప్రశ్నతో సంబంధం లేకుండా ఏదో ఒక జవాబు చెప్పేలా కొందరిని ముందే సిద్ధం చేసి కూర్చోబెట్టినా, ఇంటర్వ్యూ చేసినవాళ్లు ఎదుటి మనిషి తమకు అర్థమయ్యాడనే అనుకున్నారు. ఇంటర్వ్యూల ఈ జారుడు గుణం మన కోర్టులకూ తెలుసు. శ్రీనగర్ రీజినల్ ఇంజినీరింగ్ కాలేజీ ప్రవేశాల్లో 150 మార్కులకు 50 ఇంటర్వ్యూకే పెట్టి, ఒక్కొక్కరిని రెండు మూడు నిమిషాల్లో పంపేసిన వ్యవహారంపై 1980లో సుప్రీంకోర్టు, అలాంటి ప్రవేశాల్లో మౌఖికానికి 15 శాతం మించి ఇవ్వడం నిరంకుశమేనంది. 2016 జనవరి 1 నుంచి కేంద్రం గ్రూప్-సీ, గెజిటెడ్ కాని గ్రూప్-బీ ఉద్యోగాలకు ఇంటర్వ్యూలే తీసేసింది. తెలంగాణ 2022లో గ్రూప్-1కు కూడా తీసేసింది. అంటే కొలబద్ద వంకరగా ఉందని తేలితే ప్రభుత్వాలు కొలబద్దను మార్చాయి. మన క్లాసులు మాత్రం ఆ వంకరకు తగ్గట్టు పిల్లల్ని వంచుతున్నాయి. పైగా ఈ అభ్యంతరం మరిచిపోయే సంగతి ఒకటుంది. అందరినీ ఒకే ప్రశ్నలు, చేసిన పని గురించి అడిగి, ముందే అనుకున్న ప్రమాణంతో మార్కులేసే ఇంటర్వ్యూలు పిచ్చాపాటీ ఇంటర్వ్యూల కంటే మెరుగ్గా పనిచేస్తాయని దశాబ్దాల పరిశోధనల్లో తేలింది. జాగ్రత్తగా మనుషుల్ని తీసుకునే సంస్థలు అటే జరుగుతున్నాయి. అక్కడ నవ్వు మొదటి ప్రశ్న దాటించవచ్చు. మూడో ప్రశ్నకు అది చాలదు.

ఇక ఇంగ్లిష్. తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్లను అసలు బెదరగొట్టేది భాషే, దాన్నీ విషయంతోనే జయించమంటారా అని అడగవచ్చు. అననండి. ఇంగ్లిష్ రావాలి, నేర్చుకోవాలి, దానికి నెలలు పడుతుంది. అందుకే దాన్ని కాన్ఫిడెన్స్ అనే డబ్బాలో వేసి మూత పెట్టడం అన్యాయం. 'నీకు బెరుకు' అంటే కుర్రాడు అద్దం ముందు నవ్వడం సాధన చేస్తాడు. 'నీకు భూతకాల క్రియలు తడబడుతున్నాయి' అంటే నెలలో సరిచేసుకుంటాడు. చేసిన పని చెప్పడానికి కావలసింది ఏం చేశాను, ఏది పాడైంది, ఎలా కనుక్కున్నాను అనే పాతిక ముప్పై చిన్న వాక్యాలు. యాస సంగతి తర్వాత చూసుకోవచ్చు. సీనియర్ దగ్గర తెచ్చుకున్న సెల్ఫ్ ఇంట్రడక్షన్ బట్టీపట్టినవాళ్లకు ఒక్క పదం జారితే మొత్తం కూలిపోతుంది. తన పని చెబుతున్నవాళ్లు ఇంకో పదంతో నెట్టుకొస్తారు.

అయినా భయానికి ఏమీ చేయొద్దా అంటే, ఒకటి చేయవచ్చు. భయం బుర్రలో చోటు ఆక్రమిస్తుంది. అప్పటికప్పుడు ఆలోచించాల్సింది ఎంత తగ్గితే అంత మేలు. అందుకని మనసులో కాదు, నోటితో, పైకి, పదిసార్లు చెప్పి చూడాలి. ఎదురుగా కూర్చున్నవాళ్లు ప్రతిదానికీ 'ఎందుకు?' అని అడగాలి. ఏమీ తెలియని చెల్లెలు కూడా ఆ పని చేయగలదు. హార్వర్డ్‌లో ఆలిసన్ వుడ్ బ్రూక్స్ 2014లో ప్రచురించిన ప్రయోగాల్లో, ఉపన్యాసానికి ముందు 'నేను ప్రశాంతంగా ఉన్నాను' అనుకున్నవాళ్ల కంటే 'నాకు ఉత్సాహంగా ఉంది' అనుకున్నవాళ్లు మెరుగ్గా మాట్లాడారు. గుండె దడ అలాగే ఉంది, దాని పేరే మారింది. మాక్ ఇంటర్వ్యూలు వద్దని నేననను. అవి జరిగే తీరు చూడమంటాను. ఈసారి మీ పిల్లలు అక్కడి మార్కుల కాగితం తెస్తే తీసి చదవండి. కంటిచూపు, చిరునవ్వు, కూర్చున్న తీరు, దుస్తులు, స్వరం అని గడులుంటాయి. చెప్పిన జవాబు సరైనదా కాదా అనే గడి ఉందేమో వెతకండి.