సినిమా కాని పాట: ఈ యేటి నా యెంపిక

ప్రతి సంవత్సరాంతమునందును ఈ పుటలో నాకు నచ్చిన పాటలను గూర్చి వ్రాయుట వాడుక యైనది. ఇంతవఱకు ఆ పట్టికలో కీర్తనలో సినిమా పాటలో యుండెడివి. ఈ యేడు అందు సినిమా పాట యొక్కటియు లేకపోవుట చూచి సోదరీమణులు కొందఱు ఆశ్చర్యపడవచ్చును. దీనికి కారణము మా యన్నగారి కుమార్తె. ఆమె హైదరాబాదులో ఇంజనీరింగు చదువుచున్నది. వేసవి సెలవులకు కొత్తకోటకు వచ్చినపుడు వీపున నొక పొడుగాటి నల్ల సంచిని తగిలించుకొని బస్సు దిగెను. అందున్నది గిటారు. కళాశాలలో తన వంటి మఱి ముగ్గురు పిల్లలతో గలిసి రాక్ బ్యాండు పెట్టదలచినదట.

మా వదినెగారు ఆ సంచిని చూచి, “చదువులు చాలవని మళ్ళ ఇదొకటా?” యని తల పట్టుకొనిరి. పిమ్మట నా వైపు తిరిగి, “నువ్వు పత్రికల పాటల గురించి రాస్తవు గద, నువ్వే చెప్పు, అది సంగీతమేనా?” యని యడిగిరి.

నాకు వెంటనే జవాబు తోచలేదు. వినని దానిపై తీర్పు చెప్పుట న్యాయము కాదు గనుక, అమ్మాయి నా ఫోనులో చేర్చిపెట్టిన పాటలను వేసవి మొదలు దసరా వఱకు, పగలు వంటయింటిలోను, రాత్రులు డాబాపైనను వినుచు వచ్చితిని. వానిలో పెక్కు ఈ యేడు పుట్టినవి కావు. ఈ యేడు నా చెవికి వచ్చినవి మాత్రమే.

మొదట మాట సంగతి చెప్పవలయును. అమ్మాయి దీనిని ‘ఇండీ’ యనుచుండగా అది ఇండియాకు సంబంధించిన దేమో యని నేను భ్రమపడితిని. పిల్ల కడుపుబ్బ నవ్వెను. ‘ఇండిపెండెంట్’ అను మాటకు అది కుఱుచ రూపమట. అనగా పెద్ద కంపెనీ పెట్టుబడి పెట్టకుండ, పాడువారే తమ ఖర్చుతో తమ యిష్టము చొప్పున చేసికొను పాట. 1976 డిసెంబరులో ఇంగ్లండునందలి మాంచెస్టరు నగరమున బజ్‌కాక్స్ అను యువకుల బృందము ఇంటివారి యొద్దను మిత్రుల యొద్దను 500 పౌన్లు అప్పు చేసి నాలుగు పాటలు రికార్డు చేయించుకొనిరి. 1977 జనవరిలో ‘స్పైరల్ స్క్రాచ్’ అను పేర మొదట వెయ్యి ప్రతులు స్వయముగా వేయించి అమ్మిరి. వారిని చూచి ఎందఱో పిల్లలు తామును అట్లే చేయవచ్చునని ధైర్యము తెచ్చుకొనిరి. 1980 నాటికి ఆ దేశమున నిట్టి రికార్డుల అమ్మకములకు వేఱుగ నొక పట్టికయే యేర్పడినది. కాలక్రమమున ‘ఇండీ’ అనునది ఒక గాన పద్ధతికి పేరై పోయినది గాని, మూలమున నది డబ్బు సంగతి. ఇల్లు నడుపు స్త్రీల కిది సులభముగా బోధపడును.

ఇదంతయు విన్న పిదప నాకు మా నాయనమ్మ తరమువారి గ్రామఫోను జ్ఞాపకమునకు వచ్చినది. ఆ కాలమున సినిమాకు సంబంధింపని పాటలను ‘ప్రైవేటు రికార్డులు’ అనెడివారు. సాలూరి రాజేశ్వరరావు గారును, రావు బాలసరస్వతీదేవి గారును పాడిన లలితగీతములు అట్టివే. ‘మా తెలుగు తల్లికి’ అను పాటను శంకరంబాడి సుందరాచారి గారు 1942 నాటి ‘దీనబంధు’ చిత్రము కొఱకు వ్రాసిరి. కాని అది యింటింటికి చేరినది సినిమా వలన గాదు. టంగుటూరి సూర్యకుమారి గారు పాడిన ప్రైవేటు రికార్డు వలన. కావున అమ్మాయి తెచ్చిన వింతకు మన యింటిలోనే పూర్వులున్నారు. ఈ మాట చెప్పినపుడు పిల్ల కొంచెము చిన్నబోయినది. తామే మొదటివారమని యీ వయసున ఎవరికి నమ్మకముండదు!

ఇక నా యెంపిక. ఈ యేడు నేను అన్నిటికంటె నెక్కువసారులు విన్నది హైదరాబాదునకు జెందిన చౌరస్తా అను బృందమువారి ‘ఊరెళ్ళిపోతా మామ’. మన జానపదుల పలుకును జమైకా ద్వీపమున పుట్టిన రెగే అను లయపై కూర్చుట వారి పద్ధతి. రెగే లయలో గిటారు వాయించువాడు తాళపు దెబ్బపై గాక, దెబ్బకును దెబ్బకును నడుమనున్న సందులో తంత్రులను మీటును. మొదట వినువారికి పాట కుంటుచున్నట్లు తోచును. నాలుగుసారులు విన్న పిదప అది కుంటు కాదు, ఊయెల యని తెలియును.

నగరమున విసిగి సొంత యూరికి పోవ గోరువాని పాట యిది. ఇట్టి పాట పాలమూరులో వినిపించినట్లు వేఱొకచోట వినిపింపదు. బొంబాయికి, బెంగుళూరుకు, ఇంకను దూరదేశములకు ఇండ్లు కట్టుటకును కాలువలు త్రవ్వుటకును ఇచ్చటనుండి తరతరములుగా జనము పోవుచునే యున్నారు. మా యింటికి పాలు తెచ్చు నామె పెనిమిటితో గూడ బొంబాయిలో పదునొకండేండ్లు మట్టి మోసినది. ఒకనాటి ఉదయము ఆమె పాలు పోయుచు, పాట ముగియువఱకు గిన్నె చేతనుంచుకొని నిలిచెను. “మా ఆయన బొంబాయిల రోజు గిదే అంటుండె అమ్మా. వచ్చినంక మళ్ళ ఎప్పుడు పోదామంటుండె” యని నవ్వి వెళ్ళిపోయెను.

ఆమె మాటలోనే ఆ పాటపై నా యాక్షేపణమును ఉన్నది. పాటలోని పల్లె దూరమున నుండి చూచువాని పల్లె. నీరు లేక బీడైన చేను, తీరని వడ్డీ, వీని మూలమున ఊరు విడిచినవాడు తిరిగివచ్చి చూచు పల్లె యది కాదు. అయినను పాటకు సర్వమును చెప్పవలసిన పని లేదు. విన్నంతసేపు పాలామె కండ్లలో నున్నది నేను చూచితిని గనుక దానికే మొదటి స్థాన మిచ్చుచున్నాను.

ఆ బృందమువారిదే ‘చేతులెత్తి మొక్కుతా’ అను పాట కరోనా వ్యాధి వచ్చిన 2020లో వెలువడినది. మన కొత్తకోట హైదరాబాదు–బెంగుళూరు జాతీయ రహదారిపై నున్నది. ఆ వేసవిలో బస్సులు నిలిచిపోయి, మూటలు నెత్తిన బెట్టుకొని యా త్రోవను నడచిపోయిన వారిని చూచిన మాకు ఆ పాట విన్నపుడెల్ల రహదారియే కనబడును. దూరముగ నుండుడని వేడుకొను పాట యిది. ఆజ్ఞాపించువాని గొంతు అందు లేదు; బ్రతిమాలువాని గొంతు కలదు.

ఆ గొంతు రామ్ మిర్యాల గారిది. తరువాత నాయన 2021లో ‘జాతిరత్నాలు’ చిత్రమునను, 2022లో ‘డీజే టిల్లు’ చిత్రమునను పాడి ఇంటింటను పేరు పొందినారు. నే నడిగినవారిలో పలువురు ఆ సినిమా పాటలను ఎఱుగుదురు. చౌరస్తా పేరు వినినవారు ఇద్దఱే. సినిమాకు పోవుట దోషమని నే ననను, సంసారము నడువవలయును గదా. కాని పదిమంది యెఱుగవలె నన్నచో సినిమా గుమ్మమే త్రొక్కవలసివచ్చుట మన భాషకు పట్టిన లోపము.

రెండవది ‘సిద్ధార్థ్’ అను ఆల్బము. ‘ఇంకేం ఇంకేం కావాలే’ పాడిన సిద్ శ్రీరామ్ గారిని మన యిండ్లలో ఎఱుగని వారుండరు. ఈయన చెన్నైలో పుట్టి అమెరికాలో కాలిఫోర్నియాయందు పెరిగినవారు. తల్లి లతా శ్రీరామ్ గారే ఈయనకు కర్ణాటక సంగీతము నేర్పిరి. 2023లో వెలువడిన ఈ యాల్బము పాటలు ఇంగ్లీషువి. మినియాపొలిస్ నగరమున ర్యాన్ ఓల్సన్ అను నిర్మాతతో గలిసి చేసినవి. పెద్ద కంపెనీ ముద్రతో వచ్చినది గావున దీనిని ఇండీ యనుటకు మా యమ్మాయి యొప్పుకొనలేదు. ముద్ర మాట నే నెఱుగను. ఇంగ్లీషు మాటపై గమకము జారునప్పుడు, చిన్ననాడు తల్లి ముందు కూర్చుండి సాధకము చేసిన బాలుడు నాకు స్పష్టముగా వినబడినాడు. కొన్నిచోట్ల యంత్రముల మ్రోత కంఠమును కప్పివేసినది. అచ్చట నేను ఫోను ప్రక్కన బెట్టితిని.

మన తెలుగువారింటి బిడ్డ, కాలిఫోర్నియాలో పుట్టిన రాజకుమారి గారి ‘ది బ్రిడ్జ్’ అను 2023 నాటి ఆల్బమును గూడ వింటిని. ఈమె అసలు పేరు శ్వేతా యల్లాప్రగడ రావు. ఇది రాక్ కాదు, ర్యాప్ వైపుది. మాటల విఱుపులో నాట్యపు జతులు పలుకుచున్నవి. నా చెవికి వేగ మెక్కువ. నా కంటె చిన్నవారికి నచ్చును.

మూడవదిగా నేను చెప్పబోవునది ఆల్బమును గాదు, రాక్‌ను గాదు. నాగర్‌కర్నూలు జిల్లా లింగాల మండలమునందలి అవుసలికుంట వాసి దర్శనం మొగులయ్య గారి కిన్నెర. 2016లో జిల్లాలను విభజింపక పూర్వము ఆ యూరును మా యూరును ఒక్క మహబూబునగరు జిల్లాలోనివే. ఆయనది పండ్రెండు మెట్ల కిన్నెర. వెదురు దండమునకు ఎండిన సొరకాయ బుఱ్ఱలను కట్టి, మెట్లను తేనెమైనముతో నతికించి, తంత్రులు బిగించి చేసినది. దానిపై పండుగ సాయన్న కథను ఆయన పాడుచుండగా అమ్మాయికి చూపితిని. పిల్ల తన గిటారును ఒడిలో బెట్టుకొని, ఆ మెట్లను ఈ మెట్లను మార్చి మార్చి చూచి, “అత్తా, అసలు ఇండీ అంటే ఈయనే” యనెను. పెట్టుబడి లేదు, కంపెనీ లేదు, తన వాద్యమును తానే చేసికొని ఊరూర తిరిగి పాడుకొన్నవాడు!

కాని ఆ కథ తుద వఱకు వినుడు. ఆయన పేరు లోకమునకు తెలిసినది 2021లో ‘భీమ్లా నాయక్’ చిత్రపు పాటకు మొదట పాడిన కొద్ది పంక్తుల వలన. 2022లో పద్మశ్రీ వచ్చినది. కోటి రూపాయలను ఇంటి స్థలమును ఇచ్చెదమని రాష్ట్ర ప్రభుత్వము ప్రకటించినది. 2024లో ఆయన హైదరాబాదు చెంత ఇల్లు కట్టుచోట దినకూలికి పని చేయుచున్నట్లు దినపత్రికలు బొమ్మతో సహా ప్రకటించినవి. ఆ బొమ్మను చూచిన వదినెగారు అమ్మాయి వంక చూచిన చూపు నేను మఱవజాలను. ఆమె భయము గిటారును గూర్చి కాదని నాకు అప్పుడు తెలిసినది.

ఆ భయమునకు ఆధారమును ఉన్నది. స్పాటిఫై అను సంస్థ మన దేశమునకు 2019లో వచ్చినది. అందు ఒక పాటను కనీసము ముప్పది సెకండ్లు వినినగాని ఒక వినికిడిగా లెక్కింపరు. 2024 నుండి, గడచిన పండ్రెండు నెలలలో వెయ్యి వినుకలైన లేని పాటకు పైకమే చెల్లింపరు. చిన్నవారికి ఈ వెయ్యియే కొండ. దీనికి భిన్నముగా 2008లో మొదలైన బ్యాండ్‌క్యాంప్ అను అంగడిలో పాటను నేరుగా పాడినవారి యొద్దనే కొనవచ్చును. అంగడివారు నూటికి పదునైదు వంతున ఉంచుకొని, చెల్లింపు ఖర్చులు పోగా మిగిలినది వారికి పంపుదురు. 2020 మార్చి నుండి కొన్ని శుక్రవారములందు ఆ పదునైదును గూడ వదలుకొనుచున్నారు. మన యింటిలో నెలకొక సినిమా టిక్కెట్టునకు పెట్టు రూకలలో పావువంతు ఇట్టి పాటకు పెట్టుట కష్టము కాదని నా తలంపు. అదియు వలను కానప్పుడు పాటను సగములో త్రోసివేయక తుదిదాక వినుడు.

బతుకమ్మ పండుగకు అమ్మాయి మఱల వచ్చినది. అప్పటికి నాకు జవాబు దొరకినది. అది సంగీతమే యనియు, అందు బ్రతుకుదెరువు దొరకునని మాత్రము పూచీ పడజాలననియు వదినెగారితో చెప్పితిని. పరీక్షలు ముగియువఱకు బ్యాండు శని ఆదివారములకే యని తల్లీబిడ్డలు ఒడంబడిక చేసికొనిరి. బ్యాండునకు ఇంకను పేరు కుదురలేదు. నలుగురు పిల్లలకు నాలుగు పేర్లు.

సద్దుల నాటి సాయంకాలము వాకిట బతుకమ్మను పేర్చుచుండగా అమ్మాయి గడపమీద కూర్చుండి బతుకమ్మ పాటను గిటారుపై, నే పైని చెప్పిన రెగే లయలో వాయించుచు పాడసాగినది. వీధిలోని ఆడువారు మొదట చప్పట్లు ఎక్కడ కొట్టవలయునో తెలియక తడబడి, పిదప కుదురుకొనిరి. మూడవ చరణమున పిల్ల పదము మఱచెను. వదినెగారు లోపల సద్దులు కలుపుచునే గొంతెత్తి అందించిరి.