గుర్రం మీదినుంచి చూసిన మారిషస్

మారిషస్ దీవికి పోయిన యాత్రికుడికి అమ్మజూపే వినోదాలలో "ఒక పూట సాహసం" వొకటి. పొద్దున్నే హోటలు గుమ్మం ముందుకు కారు వస్తుంది. దక్షిణ తీరాన వొక పాత చెరకు ఎస్టేటుకు తీసుకుపోతుంది. అక్కడ నెత్తిన హెల్మెట్టు పెడతారు. ప్రమాదం జరిగితే మాకు బాధ్యత లేదన్న కాగితం మీద సంతకం పెట్టించుకుంటారు. లావుపాటి నాలుగు చక్రాల క్వాడ్ బండి వొకటి అప్పగిస్తారు. ఇక యాత్రికుడు చెరకు చేల మధ్య మట్టి బాటల వెంట, వాగుల్లో దిగి, కొండవాలు యెక్కి, అడవిలోకి బురద చిమ్ముకుంటూ పోతాడు. దారిలో జింకలు కనబడతాయి. తర్వాత గుర్రమెక్కి సముద్రపుటొడ్డున అరగంటో గంటో తిరుగుతాడు. మధ్యాహ్నానికి దొరలు కాపురమున్న బంగళాలో భోజనం. జీను మీద నిటారుగా కూర్చుని తీయించుకున్న ఫొటోలు డబ్బిచ్చి కొనుక్కుని, మొహాన యెండిన బురదతో తిరిగి వస్తాడు.

ఈ పూట వినోదంతో వొక విమర్శ పత్రికకు యేం పని అని పాఠకులు అడగవచ్చు. పని వుంది. మన తెలుగులో విదేశయాత్రా రచనలు విరివిగా వస్తున్నాయి. మారిషస్ పోయి వచ్చినవారు సాధారణంగా రెండు ఘట్టాలు రాస్తారు. మొదటిది, అక్కడి తెలుగువాళ్ళ గుడికి పోవడం, రామభజన వినడం, ఉగాదికి అక్కడ ప్రభుత్వ సెలవు వుందని తెలిసి కళ్ళు చెమర్చడం. రెండోది, మర్నాడు పొద్దున యీ క్వాడ్ బండీ, యీ గుర్రమూ. మొదటి ఘట్టం నిండా పూర్వీకుల కష్టాలు. రెండో ఘట్టం నిండా ప్రకృతి శోభ. పూర్వీకులు కష్టపడిన చోటూ, ప్రకృతి శోభిల్లే చోటూ వొకటేనన్న సంగతి మాత్రం రెండు ఘట్టాల మధ్య గీసిన చుక్కల గీతలో మాయమైపోతుంది. నా తగాదా ఆ గీతతోనే.

ఆ ప్రకృతినే కాస్త నిదానంగా చూద్దాం. చెరకు చేల మధ్య అక్కడక్కడ నల్లరాళ్ళు గుట్టలుగా, గోడలుగా పేర్చి వుంటాయి. కొత్తవాడికి అదేదో ప్రాచీన కట్టడమనిపిస్తుంది. అగ్నిపర్వతం కక్కిన నేల అది. రాయి తీయందే చెరకు ముచ్చె నాటడానికి చోటు లేదు. ఆ రాళ్ళను యేరి, మోసి, పేర్చినవారు మొదట ఆఫ్రికా నుంచీ మడగాస్కర్ నుంచీ తెచ్చిన బానిసలు, తర్వాత భారతదేశం నుంచి తెచ్చిన కూలీలు. జింక కూడా అక్కడ పుట్టింది కాదు. 1639లో డచ్చివాళ్ళు జావా నుంచి తెచ్చి వదిలారు. చెరకూ వాళ్ళు తెచ్చిందే. యాత్రికుడు "సహజసిద్ధం" అని మురిసేదానిలో చాలా భాగం చాకిరీసిద్ధం.

1835 ఫిబ్రవరి 1న ఆ దీవిలో బానిసత్వం రద్దయింది. నష్టపరిహారం కూడా యిచ్చారు. బానిసలకు కాదు, బానిసలను పోగొట్టుకున్న యజమానులకు. ఇరవై లక్షల పౌన్లకు పైచిలుకు. అయితే తోటల యజమానులు అంతకుముందే జాగ్రత్తపడ్డారు. 1834 నవంబరు 2న "అట్లాస్" అనే వోడలో 36 మంది భారతీయ కూలీలు పోర్ట్ లూయిస్ రేవులో దిగారు. వారి వెనక, ఇరవయ్యో శతాబ్దం తొలి దశకాల దాకా, దాదాపు నాలుగున్నర లక్షల మంది. విశాఖ, గోదావరి, గంజాం ప్రాంతాల నుంచి పోయినవారిని వోడరేవు పేరు పెట్టి "కోరంగీలు" అన్నారు. మనిషికి పేరూ, వూరూ, భాషా వుంటాయి. గుమాస్తాకు కావలసింది మనిషి వోడ యెక్కిన రేవు. ఆ గుమాస్తా కలం కిందనే సన్యాసి "సునాసీ" అయ్యాడు. నేటికీ ఆ దీవిలో అది యింటిపేరుగా వుంది. అయిదేళ్ళ ఒప్పందం, నెలకు అయిదు రూపాయలు, బియ్యం, పప్పు. ఒకరోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోత. దానికి అక్కడ "రెండింతల కోత" అనే పేరే స్థిరపడింది.

ఇక దారి విడిచి పోయే సాహసం గూర్చి. ఈ వినోదానికి ఆకర్షణ అంతా అందులోనే వుంది: రోడ్డు విడిచి, యెవరి అనుమతీ లేకుండా, యిష్టం వచ్చిన వేపు పోతున్నాననే భ్రమ. సరిగ్గా ఆ పనే ఆ దీవిలో రెండువందల యేళ్ళకు దగ్గరగా నేరం. ఫ్రెంచివాళ్ళు 1723లో తెచ్చిన నల్లచట్టం ప్రకారం తోట విడిచి పారిపోయిన బానిసకు మొదటిసారి చెవులు కోసి భుజాన ముద్ర వేసేవారు, రెండోసారి మోకాలి వెనక నరం కోసేవారు, మూడోసారి మరణశిక్ష. బానిసత్వం పోయాక చెవులు మిగిలాయి గాని స్వేచ్ఛ రాలేదు. 1867 చట్టం కింద, ఒప్పందం ముగిసిన పాత కూలీ సైతం ఫొటో అంటించిన గుర్తింపు టికెట్టు జేబులో పెట్టుకు తిరగాలి. టికెట్టు లేకుండా, తన జిల్లా దాటి రోడ్డు మీద కనబడితే వాడు "దిమ్మరి", పోలీసులు పట్టుకుపోవచ్చు. నేటి యాత్రికుడు తన ఫొటో తాను ముచ్చటపడి కొనుక్కుంటాడు. ఆనాటి కూలీ ఫొటో అతన్ని పట్టుకోడానికి తీసింది. మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో ఆ పాత వలస దస్తావేజులు భద్రంగా వున్నాయి. మన యాత్రా రచయితలలో యెందరు ఒక పూట అక్కడ గడిపారో నాకు తెలియదు. గుర్రమెక్కినవారు మాత్రం యెక్కువమందే వుంటారు.

గుర్రాన్ని చూస్తే కుంటినడక అని మన సామెత. గుడి దగ్గర కూలీల వెంట మూడు పుటలు చక్కగా నడిచివచ్చిన రచయితకు, గుర్రం కనబడగానే కాళ్ళు పీకుతాయి. ఎక్కి కూర్చున్నాక చూపు మారుతుంది. తోటల కాలంలో గుర్రమెక్కి చేలు చూసినవాడు యజమాని, లేదా అతని మేనేజరు, నడిచినవాడు కూలీ. 1812 నాటికే పోర్ట్ లూయిస్‌లో షాన్ ద మార్స్ పందెపు మైదానం వెలిసింది. దక్షిణార్ధ గోళంలో అంత పాతది మరొకటి లేదంటారు. ఆ దీవిలో గుర్రం వొట్టి జంతువు కాదు, హోదా. "ఒక పూట సాహసం" అమ్మేది ఆ హోదానే. జీను మీద నుంచి చూస్తే చెరకు చేను పచ్చటి సముద్రం లాగా కనబడుతుంది. కింద నిలబడి చూసినవాడికి చెరకాకు అంచు కత్తిలాగా కోస్తుంది.

దక్షిణ తీరాన బెల్ ఓంబ్ర్ అనే ఎస్టేటు వుంది. 1816 నుంచి దాని యజమాని చార్లెస్ టెల్ఫెయిర్ అనే ఐర్లండు వైద్యుడు, వృక్షశాస్త్రజ్ఞుడు, గవర్నరుకు కార్యదర్శి. బానిసలను బాగా చూసుకునే ఆదర్శ యజమాని అని పేరు తెచ్చుకున్నాడు. ఇంగ్లండులోని బానిసత్వ వ్యతిరేకులు ఆ ఆదర్శాన్ని ప్రశ్నిస్తే, 1830లో మారిషస్‌లో బానిసల స్థితిగతుల గురించి సమర్థనగా ఒక పుస్తకమే రాశాడు. నేడు అదే బెల్ ఓంబ్ర్‌లో ఒక విలాస హోటలుకు ఆయన పేరు పెట్టారు. యజమాని బంగళాలో విందులు జరుగుతాయి. పక్కనే గోల్ఫు మైదానం. వెనక కొండల్లో క్వాడ్ బండ్లు. ఆ యజమాని చేతికింద రాళ్ళు మోసిన మనిషి పేరుతో ఆ చుట్టుపట్ల ఒక హోటలు గది అయినా వుందా? "వారసత్వం" అనే మాట హోటళ్ళవాళ్ళు తెగ వాడుతున్నారు. యెవరి వారసత్వం అని అడగడం మన పని.

అక్కడి చక్కెర మిల్లు 1999లో మూతపడింది. పందొమ్మిదో శతాబ్దం మధ్యలో ఆ దీవిలో రెండువందల యాభైకి పైగా మిల్లులుండేవి. యిప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. 1975 నాటి ఒప్పందం ప్రకారం ఐరోపా మారిషస్ చక్కెరకు మంచి ధర హామీ యిచ్చింది. 2006-2009 మధ్య ఆ ధరను 36 శాతం తగ్గించి, ఒప్పందాన్నే ముగించింది. వేలాది తోట కార్మికులకు కొంత రొక్కం, ఒక చిన్న యింటిస్థలం యిచ్చి "స్వచ్ఛంద విరమణ" అన్నారు. మరి భూమి? భూమి పదవీ విరమణ చేయలేదు. 2002లో వచ్చిన పథకం కింద అయిదు లక్షల డాలర్లకు తగ్గకుండా పెట్టగల విదేశీయులకు విల్లాలు అమ్మడానికి అనుమతి దొరికింది. పంట మారింది, కమతం మారలేదు. చెరకు గిట్టుబాటు కాని వాలులో యాత్రికుణ్ణి పండిస్తున్నారు. ఒక పూటకు ఒక కాపు.

ఇందులో సాహిత్యం పాత్ర తక్కువదేమీ కాదు. ఆ దీవిని ప్రపంచానికి ప్రేమలోకంగా పరిచయం చేసింది 1788 నాటి ఫ్రెంచి నవల "పోల్ ఎ విర్జినీ". అందులో పారిపోయి వచ్చిన బానిసస్త్రీని విర్జినీ జాలిపడి నల్లయేటి జిల్లాలోని యజమాని దగ్గరికే తిరిగి తీసుకుపోయి, క్షమించమని బతిమాలుతుంది. ఆయన క్షమించానంటాడు, ఆ తర్వాత ఆమెను గొలుసులతో కట్టేస్తారు. హోటళ్ళవాళ్ళకు నవల జ్ఞాపకం, యీ ఘట్టం జ్ఞాపకం లేదు. 1896లో వచ్చిన మార్క్ ట్వేన్, దీవి అందం గురించి అక్కడివారు చెప్పుకునే గొప్పను వ్యంగ్యంగా రాసుకున్నాడు. వ్యాపారం ఆ వ్యంగ్యాన్ని ఒలిచేసి గొప్పను బోర్డుకెక్కించింది. దీనికి ఎదురు నిలిచిన రచన కూడా ఆ మట్టిలోనే పుట్టింది. అభిమన్యు అనత్ 1977లో హిందీలో "లాల్ పసీనా" నవల రాశాడు. కూలీల చెమటే అందులో కథావస్తువు. మన రచయితలు కొనే పుస్తకాలలో అది వుందా?

కొందరు మిత్రులంటారు: "మారిషస్‌లో మనవాళ్ళు యిప్పుడు పాలకులు. ఇంకా ఆ పాత గోడు యెందుకు?" ఈ "మనవాళ్ళు" అనే మాట దగ్గర జాగ్రత్తగా వుండాలి. 1937 ఆగస్టులో, ఊబా రకం చెరకు ధరను 15 శాతం కోసినందుకు చిన్న రైతులూ కూలీలూ తిరగబడితే, యూనియన్ ఫ్లాక్ ఎస్టేటులో తుపాకులు పేలి నలుగురు చచ్చిపోయారు. ఆ ఎస్టేటు యజమానులు తెల్లవాళ్ళు కారు, భారత సంతతివారే. 1943 సెప్టెంబరు 27న బెల్ వ్యూ హారెల్‌లో సమ్మె చేస్తున్నవారి మీద పోలీసులు కాల్చారు. చనిపోయిన నలుగురిలో అంజలై కూపెన్ గర్భిణి. ఆమె పేరుతో యిప్పుడక్కడ ఒక క్రీడామైదానం వుంది. ఓటు హక్కూ, సంఘం పెట్టుకునే హక్కూ, 1968 మార్చి 12 నాటి స్వాతంత్ర్యమూ యీ దారినే వచ్చాయి, గుడి దారిన కాదు. జాతి అభిమానం ముసుగులో వర్గాన్ని దాచిపెడితే మన యాత్రా సాహిత్యం అంజలైని కూడా ఒక "ప్రవాస విజయగాథ"గా మార్చేయగలదు.

మరికొందరంటారు: "గుర్రమెక్కడం కూడా తప్పేనా? క్వాడ్ బండి నడిపేవాడికీ, గుర్రాలు మేపేవాడికీ దానివల్లనే కదా అన్నం?" గుర్రమెక్కడం తప్పు కాదు. తోట కూలీ మనవరాలు హైదరాబాదులో యింజనీరై, తన జీతంతో అక్కడికి పోయి గుర్రమెక్కితే నాకు సంతోషమే. ఆమె ముత్తాతలకు ఆ సంతోషం లేదు. ఉద్యోగాల మాటా నిజమే. కళ్ళెం పట్టుకొని ముందు నడిచేవాడు తన బతుకుతెరువు పోగొట్టమని అడగడు. అయితే అతని జీతమెంత, అతను స్థిరోద్యోగా లేక యాత్రికుల రద్దీకాలానికి మాత్రమే పిలిచినవాడా, సంఘం వుందా అని అడగడానికి మన రచయితకు గంటసేపు అవకాశముంది. అడగడు. గుర్రం పేరు అడుగుతాడు. పుస్తకంలో గుర్రం పేరు వుంటుంది, మనిషి పేరు వుండదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో కాశీకి బయలుదేరి, దారిలో యే మజిలీలో యేం దొరుకుతుందో, యెవరు యెట్లా బతుకుతున్నారో రాసుకుంటూ పోయాడు. ఆయన అభ్యుదయవాది కాడు, పల్లకీలో పోయినవాడు. పల్లకీలో నుంచి కనబడినంత కూడా క్వాడ్ బండి మీదినుంచి కనబడదా?

గుర్రాల సవారీ జరిగే ఆ తీరాల సంగతే తీసుకోండి. నైరుతి మూలన లె మోర్న్ కొండ. పారిపోయిన బానిసలు దాని మీద దాక్కున్నారు. బానిసత్వం రద్దయిందని చెప్పడానికి సిపాయిలు వస్తుంటే, పట్టుకోవడానికే వస్తున్నారనుకొని కొండ మీదినుంచి దూకి చచ్చిపోయారని అక్కడి జనం చెప్పుకుంటారు. 2008లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. దాని పాదాన గుర్రపు సవారీలు అమ్ముతారు. ఇంకొంచెం తూర్పుకు, బెల్ ఓంబ్ర్ దాటిపోతే, రియంబెల్, పొంపొనెట్ తీరాలు. ఫ్రెంచివాళ్ళ కాలం నుంచీ అలల అంచు నుంచి 81.21 మీటర్ల మేర నేల ప్రభుత్వానిది. అది అమ్మకూడదు, కాని లీజుకివ్వవచ్చు. హోటళ్ళన్నీ వచ్చింది ఆ సందులోనుంచే. పొంపొనెట్‌లో హోటలు కోసం కంచె వేసినప్పుడు జనం వూరుకోలేదు. "అరెత్ కొకెన్ ను లాప్లాజ్" అన్నారు. మా సముద్రపుటొడ్డు దొంగిలించడం ఆపండి అని క్రియోలులో దానికి అర్థం. ఆదివారాలు వంటపాత్రలతో, పిల్లలతో వచ్చి యిసుకలో కూర్చునే సామాన్య కుటుంబాలవి. వాళ్ళకు గుర్రాలు లేవు. కూర్చునే యిసుక కావాలి. మన యాత్రికుడి గుర్రం ఆ యిసుక మీదుగానే పోతుంది. కంచె యెక్కడి నుంచి యెక్కడి దాకా వుండిందో, కళ్ళెం పట్టుకున్న మనిషిని అడిగి తెలుసుకోవచ్చు.