టీమ్ ఎవరిది?

రోచెస్టర్ రెడ్ వింగ్స్ పేరు మనలో చాలామంది విని ఉండరు. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్ నగరపు మైనర్ లీగ్ బేస్‌బాల్ టీమ్ అది. మైనర్ లీగ్ అంటే మేజర్ లీగ్‌కి ఆటగాళ్లను తయారుచేసే మెట్టు. 1956 సీజన్ అయ్యాక, ఓనర్లైన సెయింట్ లూయిస్ కార్డినల్స్ వాళ్లు ఈ టీమ్‌ని వదిలించుకోవాలనుకున్నారు. అప్పుడు మోరీ సిల్వర్ అనే వ్యాపారి ముందుండి నడిపిస్తే, 8,222 మంది షేర్లు కొని 1957లో టీమ్‌నే కొనేశారు. టీమ్ ఇప్పటికీ అక్కడే ఉంది.

పాటకెట్ రెడ్ సాక్స్ కథ వేరు. 1981లో ఈ రెండు టీమ్‌ల మధ్యే 33 ఇన్నింగ్స్ మ్యాచ్ జరిగింది. మామూలుగా ఉండేవి 9! తెల్లవారుజామున 4 దాటాక ఆట ఆపేసరికి పాటకెట్ స్టేడియంలో ఇంకా 19 మంది కూర్చునే ఉన్నారు. అంత అభిమానం ఉన్న ఊరు. అయినా కొత్త స్టేడియం ఒప్పందం కుదరక, ఓనర్లు 2021లో టీమ్‌ని వూస్టర్‌కి తీసుకెళ్లిపోయారు.

షేర్లుంటే కప్పులు వస్తాయని కాదు. రెడ్ వింగ్స్‌లో ఎవరు ఆడాలో ఇప్పటికీ మేజర్ లీగ్ క్లబ్బే నిర్ణయిస్తుంది. కానీ టీమ్ ఊళ్లో ఉండాలా వద్దా అనేది ఊరి చేతిలో ఉంటుంది. నాకు అదే ముఖ్యం.

మన డెక్కన్ ఛార్జర్స్ 2009లో కప్పు గెలిచింది, 2012లో మాయమైంది. హైదరాబాద్ ఫ్యాన్స్‌ని ఎవరైనా అడిగారా? మా బ్రాంచి భాషలో చెప్పాలంటే మనం యూజర్లం, అడ్మిన్లం కాదు. ఒక్క షేర్ అమ్మకానికి పెట్టి చూడండి, నేను కొంటా. మీరు?