ఫోను కూడా అమానతే

అమానతు అనగానే మనలో చాలామందికి ఇతరులు దాచమని ఇచ్చిన డబ్బు, నగలు గుర్తుకు వస్తాయి. నిజానికి ఇస్లాం దృష్టిలో అమానతు పరిధి చాలా విశాలమైనది. ఒకరు నమ్మి చెప్పిన మాట అమానతు. మనకు అప్పగించిన పని అమానతు. అమానతులను వాటి హక్కుదారులకు అప్పగించాలని దివ్య ఖుర్ఆన్‌లోని నిసా సూరా ఆదేశిస్తోంది. నమ్మి అప్పగించిన దానిలో ద్రోహానికి పాల్పడటం కపట విశ్వాసి లక్షణాల్లో ఒకటని దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) హెచ్చరించారు. ఈ కొలమానంతో చూస్తే, ఈనాడు మన జేబుల్లో ఉన్న సెల్‌ఫోనును మించిన అమానతుల పెట్టె మరొకటి లేదు.

ఆ పెట్టెలో ఏమున్నాయో ఒక్కసారి ఆలోచించండి. గల్ఫ్‌లో చెమటోడ్చి కొడుకు పంపిన డబ్బు ఉన్న బ్యాంకు ఖాతా అందులో ఉంది. ఇంట్లో ఆడపిల్లలు తమవాళ్ళ మధ్య పర్దా లేకుండా దిగిన ఫొటోలు ఉన్నాయి. నిఖా సంబంధాల కోసం ఎవరో నమ్మి పంపిన వివరాలు ఉన్నాయి. మస్జిదు కమిటీలో కోశాధికారి అయితే చందాల లెక్కలు, ఉమ్రా బృందాన్ని తీసుకువెళ్ళే పెద్దమనిషి అయితే ఆ బృందంలోని వారందరి పాస్‌పోర్టు కాపీలు ఉంటాయి. ఫోను మనదే కావచ్చు. అందులో ఉన్నదంతా మనది కాదు.

ఈ పెట్టెను చేతబట్టుకొని మనం బజారులో తిరుగుతున్నాము. దారిలో ఎక్కడ ఉచితంగా వై-ఫై దొరికితే అక్కడ దానిని తెరుస్తున్నాము. ఆ తలుపు ఎవరిదో, లోపల ఎవరున్నారో అడిగేవారు మాత్రం తక్కువ.

ఉచిత వై-ఫై చెడ్డదని చెప్పడం నా ఉద్దేశం కాదు. 2016 జనవరిలో ముంబయి సెంట్రల్ స్టేషన్లో రైల్‌టెల్, గూగుల్ సంస్థలు కలిసి ప్రారంభించిన ఈ సౌకర్యం 2018 నాటికి 400 స్టేషన్లకు చేరింది. ఆ తర్వాత గూగుల్ తప్పుకున్నా రైల్‌టెల్ దీన్ని కొనసాగించి, ఆరు వేలకు పైగా స్టేషన్లకు విస్తరించింది. 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పీఎం-వాణి పథకం కింద కిరాణా కొట్టు, టీ కొట్టు యజమానులు కూడా వై-ఫై అందించవచ్చు. ప్లాట్‌ఫారం మీద కూర్చొని పరీక్షకు చదువుకునే పేద విద్యార్థికి ఇది వరం. మక్కాలోని హోటలు గది నుండి మనవళ్ళ ముఖం చూసి దుఆ ఇచ్చే నానీమాకు ఇది వరం. వరాన్ని వాడుకునే పద్ధతి తెలియకపోవడమే సమస్య.

పేరు ఒకటే, మనిషి వేరు

వై-ఫైకి పేరు పెట్టడం ఎంత సులభమో చాలామందికి తెలియదు. ఎవరైనా సరే తన దగ్గరున్న చిన్న పరికరానికి తనకు నచ్చిన పేరు పెట్టుకోవచ్చు. విమానాశ్రయం పేరు పెట్టవచ్చు. హోటలు పేరు పెట్టవచ్చు. అడిగేవారు ఉండరు. పైగా మన ఫోను ఒకసారి చేరిన వై-ఫై పేరును గుర్తుపెట్టుకుంటుంది. తాళం లేని వై-ఫై అయితే, మళ్ళీ అదే పేరు కనిపించినప్పుడు మనల్ని అడగకుండానే చేరిపోవచ్చు. అసలుదా, నకిలీదా అని అది పరీక్షించదు.

ఇది ఊహించి చెబుతున్న మాట కాదు. 2024లో ఆస్ట్రేలియా పోలీసులు ఇలాంటి ఒక వ్యక్తిపై కేసు పెట్టారు. అతడు విమానాశ్రయాల్లో, దేశీయ విమానాల్లో అసలు వై-ఫై పేరుతోనే నకిలీ వై-ఫై నడిపాడు. చేరిన ప్రయాణికులకు ఒక పేజీ కనిపించేది. అందులో వారి ఈ-మెయిల్, సోషల్ మీడియా పాస్‌వర్డులు అడిగేవాడు. విమానంలో అనుమానాస్పదమైన వై-ఫై కనిపించడంతో ఆ విమాన సంస్థ సిబ్బంది ఫిర్యాదు చేశారు. దర్యాప్తులో, స్త్రీల వ్యక్తిగత ఫొటోలు కూడా అతడు దొంగిలించాడని తేలింది. 2025లో అతనికి ఏడేళ్ళకు పైగా జైలు శిక్ష పడింది. గమనించండి, అతడు ఎవరి తాళమూ పగలగొట్టలేదు. వాళ్ళే తాళంచెవి తీసి ఇచ్చారు.

ముద్ర వేసిన ఉత్తరం

మరోవైపు, వై-ఫై ముట్టుకుంటే చాలు బ్యాంకు ఖాతా ఖాళీ అవుతుందని భయపెట్టే సందేశాలు కూడా మన ఫోన్లలో తిరుగుతుంటాయి. వార్త తెచ్చినవాడు నమ్మదగినవాడు కాకపోతే దానిని విచారించి తెలుసుకోవాలని హుజురాత్ సూరా బోధిస్తోంది. కాబట్టి ఉన్నది ఉన్నట్లు తెలుసుకుందాం.

దైవప్రవక్త (సఅసం) రాజులకు ఉత్తరాలు రాయించ సంకల్పించినప్పుడు, ముద్ర లేని ఉత్తరాన్ని వారు చదవరని సహచరులు మనవి చేశారు. అప్పుడు ఆయన తన పేరు చెక్కిన వెండి ఉంగరం చేయించి దానితో ముద్ర వేయించారు. ఇంటర్నెట్‌లో మన ఉత్తరాలు ఒకప్పుడు ముద్ర లేకుండానే తిరిగేవి. 2010లో ఫైర్‌షీప్ అనే చిన్న ప్రోగ్రాం వెలువడినప్పుడు, తాళం లేని వై-ఫైలో పక్క బల్ల దగ్గర కూర్చున్నవాడు మన ఫేస్‌బుక్ ఖాతాలోకి దూరడం ఎంత తేలికో లోకానికి తెలిసింది. ఆ తర్వాత పెద్ద సంస్థలు మేల్కొన్నాయి. 2016 నుండి వాట్సాప్ సందేశాలు పంపినవారికి, అందుకున్నవారికి తప్ప మధ్యలో ఎవరికీ అర్థం కాని రూపంలో వెళుతున్నాయి. బ్యాంకుల సైట్లు, యాప్‌లు కూడా ముద్ర వేసిన ఉత్తరాల్లాంటివే. మధ్యలో ఉన్న వై-ఫై యజమాని కవరు మీద చిరునామా చూడగలడేమో గాని లోపలి రాత చదవలేడు.

మరి భయం దేనికి? ముద్ర ఎంత గట్టిదైనా, ఉత్తరాన్ని మనమే దొంగ చేతికి ఇస్తే ఏం లాభం? బ్రౌజరులో కనిపించే తాళం గుర్తుకు అర్థం, ఉత్తరం దారిలో భద్రంగా ఉందని మాత్రమే. అందుకునేవాడు నిజాయితీపరుడని కాదు. దొంగ కూడా తన పేజీకి తాళం గుర్తు తెచ్చుకోగలడు. ఇక "ఈ సైటు సురక్షితం కాదు" అని ఫోను హెచ్చరిస్తున్నా, తొందరలో దానిని పక్కకు నెట్టి ముందుకు పోయేవారికి ముద్ర ఏం కాపలా కాస్తుంది?

ఇక్కడొక తేడా గుర్తుంచుకోవాలి. మన దేశంలో స్టేషన్ వై-ఫై మొబైల్ నంబరు అడిగి ఓటీపీ పంపుతుంది. వాడేది ఎవరో తెలియాలని 2009లో టెలికాం శాఖ ఇచ్చిన ఆదేశాల తర్వాత వచ్చిన పద్ధతి ఇది. దానికి భయపడనక్కర లేదు. కాని అంతకు మించి ఈ-మెయిల్ పాస్‌వర్డు, కార్డు నంబరు, యూపీఐ పిన్ అడిగినా, ఫలానా యాప్ వేసుకోమన్నా అక్కడి నుండి వెంటనే వెనక్కి రావాలి.

తవక్కుల్ అంటే ఏమిటి?

"అల్లాహ్ ఉన్నాడు, ఏమీ కాదు" అనే సోదరులు కొందరున్నారు. వారి విశ్వాసాన్ని గౌరవిస్తూనే ఒక మాట అడుగుతాను. ఒంటెను కట్టి అల్లాహ్‌పై భారం వేయాలా, వదిలేసి భారం వేయాలా అని ఒక వ్యక్తి అడిగినప్పుడు, ముందు కట్టి ఆ తర్వాత భారం వేయమని ప్రవక్త (సఅసం) బోధించిన సంగతి తిర్మిజీ గ్రంథంలో ఉంది కదా!

హిజ్రత్ ఉదంతాన్ని చూడండి. అల్లాహ్ సహాయం మీద ఆయన కంటే ఎక్కువ నమ్మకం ఎవరికి ఉంటుంది? అయినా మదీనా ఉత్తరాన ఉంటే ఆయన దక్షిణాన ఉన్న సౌర్ గుహకు వెళ్ళారు. మూడు రాత్రులు అక్కడే గడిపారు. ఆమిర్ బిన్ ఫుహైరా (రజి) మేకల మందను అటుగా తోలి అడుగుజాడలు కూడా చెరిపేశారు. అదే రాత్రి, తనను చంపజూసిన మక్కా వాసులు దాచుకున్న అమానతులను తిరిగి ఇవ్వడానికి హజ్రత్ అలీ (రజి)ని వెనుక ఉంచారు. జాగ్రత్త తీసుకోవడం, అమానతు కాపాడటం, రెండూ ఆ ఒక్క ప్రయాణంలోనే ఉన్నాయి. శత్రువుల సొమ్ము విషయంలోనే అంత శ్రద్ధ చూపిన ప్రవక్త అనుయాయులం మనం. సొంత చెల్లెలి ఫొటో విషయంలో, తోటి హాజీ పాస్‌పోర్టు విషయంలో మనకెంత శ్రద్ధ ఉండాలి!

మన ఇంటి వై-ఫై సంగతి

ఇతరుల ఇళ్ళలోకి అనుమతి కోరకుండా, సలాం చేయకుండా ప్రవేశించవద్దని నూర్ సూరా ఆదేశిస్తోంది. పక్కింటి వై-ఫై పాస్‌వర్డు ఎలాగో సంపాదించి, యజమానికి చెప్పకుండా వాడుకోవడం కూడా ఆ గడప దాటడమేనని నా అభిప్రాయం. ఇజాజత్ అడిగితే పోయేదేముంది?

అలాగే మన తలుపు బార్లా తెరిచి ఉంచడమూ తప్పే. 2008 జులైలో అహమ్మదాబాద్ పేలుళ్ళకు ముందు వచ్చిన బెదిరింపు ఈ-మెయిల్ ఎక్కడి నుండి వచ్చిందని ఆరా తీస్తే, నవీ ముంబయిలో ఉంటున్న ఒక అమెరికా పౌరుడి ఇంటి వై-ఫై దగ్గర తేలింది. దానికి సరైన తాళం లేదు. ఆ మెయిల్‌తో అతనికి సంబంధం లేకపోయినా పోలీసుల విచారణను ఎదుర్కోవలసి వచ్చింది. పెద్ద దేశపు పౌరుడికే అంత ఇబ్బంది కలిగితే, మన గల్లీలో ఒక సామాన్యుడి కొడుకు సంగతి ఏమిటి? నిర్దోషి అని తేలేసరికి ఎన్నేళ్ళు గడుస్తాయి? కాబట్టి ఇల్లు, దుకాణం, మస్జిదు, మదరసా ఎక్కడైనా సరే, వై-ఫైకి గట్టి పాస్‌వర్డు పెట్టండి. పరికరంతో పాటు వచ్చిన పాత పాస్‌వర్డును మార్చండి. అతిథికి ఇచ్చిన పాస్‌వర్డును అప్పుడప్పుడు మార్చడం అమర్యాద కాదు.

చేయవలసినవి కష్టమైనవేమీ కావు. బయటకు వెళ్ళగానే వై-ఫై మీట ఆపండి. వై-ఫై పేరును హోటలు కౌంటరులో, స్టేషన్ బోర్డు మీద సరిచూసుకున్నాకే చేరండి. పని అయ్యాక "మరచిపో" అని ఫోనుకు చెప్పండి. డబ్బు వ్యవహారాలు సొంత సిమ్ డేటాతోనే చేయండి. ఉమ్రాకు వెళ్ళేవారు అక్కడి సిమ్మో, రోమింగ్ ప్యాకో తీసుకుంటే నుసుక్ యాప్‌లో రౌజా సందర్శన అనుమతికి కూడా అదే పనికొస్తుంది. ఫోను అప్‌డేట్ అడిగితే వాయిదా వేయకండి. ముఖ్యమైన ఖాతాలకు రెండంచెల తాళం వేయండి.

చివరిగా ఇంటి పెద్దలకు ఒక విన్నపం. ఇలాంటి మోసాల గురించి విన్నప్పుడు మనలో కొందరు చేసే మొదటి పని ఆడపిల్ల చేతిలోని ఫోను లాక్కోవడం. అది పరిష్కారం కాదు. వంటింట్లో నిప్పు ఉందని పిల్లకు వంట నేర్పడం మానేస్తామా? ఫోను లాక్కున్న ఇంట్లో పిల్ల దాచడం నేర్చుకుంటుంది. ఆమె ఫొటో దొంగ చేతిలో పడిందనుకోండి, వాడు బెదిరిస్తాడు. ఆమె అబ్బాకు చెప్పలేదు, భాయ్‌కి చెప్పలేదు. దొంగకు కావలసిందే ఆ మౌనం. తోటి విశ్వాసి లోపాన్ని కప్పిపుచ్చినవారి లోపాలను అల్లాహ్ కప్పిపుచ్చుతాడని ప్రవక్త (సఅసం) శుభవార్త ఇచ్చారు. మోసపోయిన బిడ్డను నలుగురిలో నిందించకుండా పక్కన నిలబడటం ఆ బోధన ప్రకారం నడవడమే.

డబ్బు పోతే వెంటనే 1930 నంబరుకు ఫోను చేసి, బ్యాంకుకు కూడా తెలియజేయండి. బెదిరింపులైతే జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు చేయండి. స్త్రీలు, పిల్లలపై జరిగే నేరాలను పేరు చెప్పకుండా తెలిపే వీలు కూడా అందులో ఉంది. ఎంత త్వరగా చెబితే, దొంగ చేతికి చేరకముందే డబ్బును ఆపే అవకాశం అంత ఎక్కువ. ఇజ్జత్ పోతుందని నాలుగు రోజులు దాచితే డబ్బూ పోతుంది, ఇజ్జత్ కూడా దక్కదు.

విశ్వాసి ఒకే పుట్ట నుండి రెండుసార్లు కాటు తినడని ప్రవక్త (సఅసం) సెలవిచ్చారు. ఇతరులు తిన్న కాటును చూసి మొదటిసారే తప్పించుకోవడం ఇంకా మేలు. ఈ జుమా నమాజు తర్వాత ఇంటికి వెళ్ళాక, అందరూ దస్తర్‌ఖాన్ చుట్టూ కూర్చున్నప్పుడు, ఎవరి ఫోనులో ఏయే వై-ఫై పేర్లు గుర్తుండిపోయాయో కలిసి చూడండి. తెలియని పేర్లను తీసేయండి. పెద్దలకు పిల్లలే నేర్పినా ఫరవాలేదు.

మనకు అప్పగించిన అమానతులను కాపాడుకునే తెలివిని, శ్రద్ధను అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్!