అడిగేవారిని గద్దించకండి



ఈ వారం రెండవ రాజులు 6వ అధ్యాయం 1 నుండి 7 వచనాలు ధ్యానిద్దాం. గొడ్డలి నీటిపై తేలిన అద్భుతంగా ఈ భాగం మనకు చిన్నప్పటి నుండి తెలుసు. అయితే ఆ అద్భుతానికి ముందు దైవజనుడు ఒక చిన్న ప్రశ్న అడిగాడు. మేము ఆ ప్రశ్న గురించే చెప్పాలనుకుంటున్నాం.

ప్రవక్తల శిష్యులు ఇల్లు కట్టుకోవడానికి యొర్దాను ఒడ్డున మ్రానులు నరుకుతున్నారు. ఒకని గొడ్డలి ఊడి నీటిలో పడింది. అది ఎరవు తెచ్చుకున్నది. అడిగి తెచ్చుకున్న పనిముట్టు పోతే పేదవాని గుండె ఎలా కొట్టుకుంటుందో మన కూలి కుటుంబాలకు వేరే చెప్పనక్కరలేదు. ఎలీషా అతనిని, పిడి సరిగ్గా చూసుకోలేదేమని నిలదీయలేదు. అది ఎక్కడ పడిందని మాత్రం అడిగాడు. అతడు చోటు చూపించాడు. కొమ్మ అక్కడే పడింది, ఇనుము అక్కడే తేలింది.

పని దగ్గర మంచి ప్రశ్న ఇలాగే ఉంటుంది. తప్పు ఎవరిదో తేల్చడం కంటే ఇప్పుడు చేయవలసింది ఏమిటో అది ముందు తెలుసుకుంటుంది.

మనలో చాలామంది చేలల్లో పురుగుమందు కొట్టే పనికి వెళ్తారు. "ఎన్ని మూతలు పొయ్యాలి?" అని అడిగి పని మొదలుపెట్టేస్తాం. కానీ మూతలన్నీ ఒకే కొలత కావు. ఎకరానికి ఎంత మందు, ఎన్ని నీళ్లలో, మన ట్యాంకు ఎన్ని లీటర్లది అని అడగాలి. ఉదాహరణకు 200 లీటర్ల నీళ్లలో 250 మిల్లీలీటర్లు అని చెబితే, 16 లీటర్ల ట్యాంకుకు పడేది 20 మిల్లీలీటర్లే. డబ్బా మీద త్రికోణం ఏ రంగో చూడాలి. ఎరుపు అన్నిటికంటే ఎక్కువ విషం. తరువాత వరుసగా పసుపు, నీలం, ఆకుపచ్చ. గాలి ఎటు వీస్తోంది? కొట్టాక చేలోకి మళ్లీ ఎప్పుడు దిగవచ్చు? ఇవి నిమిషంలో అయిపోయే ప్రశ్నలు. అడగకపోతే ప్రాణం మీదికి రావచ్చు.

కరెంటు పనివాడు స్తంభం ఎక్కే ముందు లైన్ ఆపారా అని సబ్‌స్టేషన్‌ను అడుగుతాడు. అందుకు అతనిని పిరికివాడని ఎవరూ అనరు.

మరి మనవాళ్లు ఎందుకు అడగరు? "ఆ మాత్రం తెలియదా?" అంటారని భయం. రేపు పనికి పిలవరేమోనని అంతకంటే పెద్ద భయం. అడగనిదే అమ్మయినా పెట్టదంటాం. ఎవరైనా అడిగితే మాత్రం విసుక్కుంటాం. అందుకే ఈ మాట పనివారికంటే ముందు మేస్త్రీలకు, రైతులకు, పని చేయించే విశ్వాసులందరికీ చెబుతున్నాం. జ్ఞానము కొదువగా ఉన్నవాడు అడిగితే దేవుడు గద్దింపక దయచేస్తాడని యాకోబు 1:5 బోధిస్తుంది. సర్వజ్ఞాని గద్దించనప్పుడు, గద్దించడానికి మనమెవరం? మీ దగ్గర పనివాడు నోరు విప్పి అడిగాడంటే మీ పంటను, తన ప్రాణాన్ని రెండింటినీ కాపాడుతున్నాడని గ్రహించండి.

అడిగేవారికి కూడా ఒక మాట. కైసరుకు పన్ను గురించి యేసును అడిగినవారు నేర్చుకోవడానికి రాలేదు, చిక్కులో పెట్టడానికి వచ్చారు. అలా అడగవద్దు. పని చెడిన తరువాత కాక మొదలుపెట్టక ముందే అడగండి. చెప్పింది అర్థమయ్యిందో లేదో తిరిగి చెప్పి చూడండి.

ఈ వారం మన చేతి పనిలో అడిగే ధైర్యాన్ని, విసుగు లేకుండా జవాబు చెప్పే దీన మనస్సును ప్రభువు మనకు అనుగ్రహించును గాక. ఆమేన్.