తెర మీది గురులఘువులు

విద్యార్థుల ఆటపాటలను గురించి అధ్యాపకులు వ్రాసే వ్యాసాలు సాధారణంగా మందలింపుతో మొదలై హితబోధతో ముగుస్తాయి. ఈ వ్యాసం మాత్రం మా పొరపాటును ఒప్పుకోవడంతో మొదలవుతున్నది. విద్యార్థులు చిరునవ్వుతోను, కళాశాల పాలక సంఘం పెద్దలు ఓర్పుతోను చదువుతారని ఆశిస్తున్నాము.

గత వేసవిలో మేము స్వగ్రామమైన రెడ్డిగూడెం వెళ్ళాము. మామిడి కోతల కాలం. వాకిట బంగినపల్లి, చిన్నరసం కాయలు రాసులుగా పోసి ఉన్నవి. నున్న మార్కెట్టుకు వెళ్ళే బండి కోసం మా బావగారు ఎదురుచూస్తున్నారు. ఇంటిల్లిపాదీ పనిలో ఉండగా, ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరంలో అడుగుపెట్టిన మా మేనల్లుడు మాత్రం లోపలి గదిలో ఒక పాత కంప్యూటరు ఎదుట నిలబడి ఉన్నాడు. కీబోర్డును పైకెత్తి, గిటారువలె రొమ్ముకు ఆనించుకొని, మీటలు నొక్కుతూ ఊగిపోతున్నాడు. “నువ్వైనా చెప్పు తమ్ముడూ, వీడికి పిచ్చి పట్టినట్టున్నది” అన్నది మా ఆపా.

మేము కారణం అడగలేదు. కీబోర్డు లాక్కొని బీరువా మీద పెట్టాము. “ముందర పరీక్షలు పెట్టుకొని ఈ కోతి చేష్టలేమిటి?” అని గద్దించాము. కుర్రవాడు ఎదురు చెప్పలేదు. తల వంచుకొని బయటికి పోతూ, “అది కోతి చేష్ట కాదు మామూ, తాళం” అని మాత్రం అన్నాడు.

ఆ రాత్రి మేము వెంట తెచ్చుకొన్న జవాబు పత్రాలు దిద్దుతున్నాము. ఉత్పలమాల పాదానికి గురులఘువులు గుర్తించి గణవిభజన చేయమన్నది ప్రశ్న. దాదాపు అందరూ సరిగానే వ్రాశారు. భ ర న భ భ ర వ గణాలు, ఇరవై అక్షరాలు, పదవ అక్షరం యతిస్థానం. మార్కులు వేస్తూ ఉండగా ఒక సంగతి గుర్తుకు వచ్చింది. ఇదే విద్యార్థులను ఇదే పద్యం పైకి చదవమన్నప్పుడు ఒకరు వార్తాపత్రిక చదివినట్టు చదివారు, ఇద్దరు మధ్యలో తడబడి ఆగిపోయారు. కాగితం మీద గురువు ఎక్కడ ఉన్నదో వారికి తెలుసు. చెవిలో మాత్రం ఆ గురువు పలకలేదు. ఉర్దూ శాఖలోని మా మిత్రులు కూడా ఇదే మాట అంటూ ఉంటారు. గజలుకు ‘తఖ్తీ’ చేయమంటే కాగితం మీద బహర్ సరిగా తేలుతుంది, షేర్ నోటితో చదవమంటే ఆ బహర్ ఎక్కడో జారిపోతుంది.

తాళం అన్న ఆ ఒక్క మాట మమ్ములను ఆ రాత్రి నిద్రపోనివ్వలేదు. తెల్లవారి లేచి మేమే కీబోర్డు దించి, “ఇదేమిటో మాకు చూపించు” అన్నాము.

ఈ ఆట సంగతి తెలియని పాఠకుల కోసం నాలుగు మాటలు చెప్పవలసి ఉన్నది. పాటకు అనుగుణంగా బొమ్మ గిటారు వాయించే ఆటను జపానుకు చెందిన కొనామి సంస్థ 1999లో ‘గిటార్ ఫ్రీక్స్’ అన్న పేరుతో ఆటశాలలలో ప్రవేశపెట్టింది. 2005లో అమెరికాలో హార్మోనిక్స్, రెడ్ ఆక్టేన్ సంస్థలు ‘గిటార్ హీరో’ను తెచ్చి దానిని ఇళ్ళలోకి చేర్చాయి. ప్లాస్టిక్ గిటారు మెడ మీద ఆకుపచ్చ, ఎరుపు, పసుపు, నీలం, నారింజ రంగులలో అయిదు మీటలు ఉంటాయి. తెర మీద దారివలె పరచుకొన్న పట్టీపై ఆ రంగుల చుక్కలు మన వైపు జారి వస్తాయి. చుక్క గీతను తాకిన క్షణాన ఎడమ చేతితో ఆ రంగు మీట నొక్కి, కుడి చేతితో మీటాలి. తప్పితే పాట ఆగదు, అందులోని గిటారు గొంతు మాత్రం మూగపోతుంది. గిటారు ధ్వనిని తక్కిన వాద్యాల నుండి వేరుచేసి ఉంచడమే ఇందులోని కిటుకు.

రెడ్డిగూడెంలో ప్లాస్టిక్ గిటారు ఎక్కడిది? 2006లో ఫిన్లండు యువకులు కొందరు ‘ఫ్రెట్స్ ఆన్ ఫైర్’ అనే ఆటను తయారుచేసి ఉచితంగా లోకానికి ఇచ్చారు. దానికి గిటారు అక్కరలేదు. కీబోర్డునే గిటారువలె ఎత్తి పట్టుకొని, ఎడమ చేతితో ఎఫ్ ఒకటి నుండి ఎఫ్ అయిదు వరకు ఉన్న మీటలను, కుడి చేతితో ఎంటర్ మీటను నొక్కితే చాలు. మేము పిచ్చి అనుకొన్నది ఇదే. ఖరీదైన వస్తువు కొనలేని ఇంటికి తగిన ఉపాయం అది.

మేమూ ప్రయత్నించాము. ఎం.ఏ. పట్టా పుచ్చుకొని, పదేళ్ళుగా ఛందస్సు బోధిస్తున్న మా వ్రేళ్ళు ఒక్క పాట కూడా నిలబెట్టలేకపోయాయి. చుక్క కంటికి కనబడిన తరువాత వ్రేలు కదిలితే అప్పటికే ఆలస్యమైపోతున్నది. “తెర వైపు చూడొద్దు మామూ, పాట వినండి” అన్నాడు కుర్రవాడు. ఆ మాట విన్నాక మాకు ఆట అర్థమయింది. ఇందులో పొట్టి చుక్కలు కొన్ని, తోక ఉన్న పొడుగు చుక్కలు కొన్ని. పొట్టిదానిని నొక్కి వదలాలి. పొడుగుదానిని తోక ముగిసేవరకు పట్టి ఉంచాలి. ఒక మాత్ర లఘువు, రెండు మాత్రలు గురువు అని మేము నల్లబల్ల మీద వ్రాసే సూత్రానికి ఇది దగ్గరి చుట్టమే. కాకపోతే ఇక్కడి తోక ఒక మాత్రా, ఎనిమిది మాత్రలా అన్నది పాటను బట్టి ఉంటుంది. మా విద్యార్థులు గురులఘువులను కంటితో నేర్చుకొన్నారు. మా మేనల్లుడు పేర్లు తెలియకుండానే వాటిని చెవితోను వ్రేళ్ళతోను నేర్చుకొన్నాడు.

ఇక ఆక్షేపణల మాట. మొదటిది, ఇవన్నీ జూదాలని. ఇది పొరపాటు. పందెపు ఆటలు వేరు, ఇవి వేరు. మన రాష్ట్రం 2020లోనే ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టం కూడా డబ్బు ఒడ్డి ఆడే ఆన్‌లైన్ ఆటలనే నిషేధించింది. పైసా పందెం లేని ఈ ఆటను ఆ గాటన కట్టడం న్యాయం కాదు. రెండవది, వ్యసనమని. ఇందులో నిజం లేకపోలేదు. 2022 జనవరి నుండి అమలులోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణలో వీడియో ఆటల వ్యసనానికి చోటు ఉన్నది. తన మీద తనకు అదుపు తప్పడం, తక్కిన పనులన్నింటికంటె ఆటకే పెద్దపీట వేయడం, హాని జరుగుతున్నా మానలేకపోవడం దాని లక్షణాలు. ఈ లక్షణాలు కనిపించిన చోట తల్లిదండ్రులు కలుగజేసుకోవలసిందే. అయితే ఒక గంట ఆడిన ప్రతివాడినీ రోగి అనడం, ఒక పూట ఉపవాసం ఉన్నవాడిని కరువు బాధితుడు అనడం వంటిది.

మూడవ ఆక్షేపణ బలమైనది. ఇది సంగీతం కాదు. నిజమే, కాదు. మీట నొక్కితే పలికేది ఎన్నడో ఎవరో వాయించి ఉంచిన గిటారే కాని మన వ్రేలు పుట్టించిన నాదం కాదు. ఇందులో తీగ వ్రేలిని కోయదు, శ్రుతి తప్పదు, స్వరం మన చేతిలో పుట్టదు. సంగీతం నేర్చుకొన్నానని భ్రమించే కుర్రవాడికి ఈ ఆట మేలు కంటె కీడే చేస్తుంది.

మా మేనల్లుడికి ఆ భ్రమ ఎలా వదిలిందో చెప్పాలి. ఆ ఆటలో మన పాటకు మనమే చుక్కలు కూర్చుకొనే వీలు ఉన్నది. ఏడాది క్రితం మా ఊరి పీర్ల పండుగనాడు సెల్‌ఫోనులో పట్టుకొన్న డప్పు దరువుకు వాడు చుక్కలు కూర్చాడు. కొలత ప్రకారం సమానమైన దూరాలలో చుక్కలు పెడితే దరువు పలకలేదట. “మూడో దెబ్బ వెంట్రుకవాసి ఆలస్యంగా పడుతున్నది మామూ, అక్కడ చుక్క వెనక్కు జరపకపోతే అది మన డప్పులాగా లేదు” అన్నాడు. ఒక్క దెబ్బను సరిచేయడానికి ఒక సాయంత్రమంతా విన్నాడు. ఛందస్సు పుస్తకాలలో ఈ వెంట్రుకవాసికి గుర్తు లేదు. గురువుకూ లఘువుకూ నడుమ మనిషి ఊపిరి ఒకటి ఉన్నదని వాడు వాడంతట వాడే కనుగొన్నాడు.

ఆ అనుమానం తీర్చుకొనడానికి ఆ డప్పు వాయించిన పెద్దాయన దగ్గరికే వెళ్ళాడు. ఆయన డప్పును మంటకు కాచి, చిర్ర ఒక చేతికి, సిటికెనపుల్ల మరొక చేతికి ఇచ్చి “కొట్టు నాయనా” అన్నాడట. కంప్యూటరు ముందు ఒక్క దెబ్బ తప్పని చేతులు డప్పు మీద పది దెబ్బలు కూడా నిలబెట్టలేకపోయాయి. సాయంత్రం ఇంటికి వచ్చి, బొబ్బలెక్కిన అరచేయి మాకు చూపించి నవ్వాడు. ఆ మరుసటి రోజు కీబోర్డు ముట్టకుండా మళ్ళీ ఆయన దగ్గరికే పోయాడు. ఆట వాడిని వాద్యం గడప దాకా తీసుకొనిపోయింది. గడప దాటించినది మాత్రం ఒక మనిషి.

ఈ చివరి మాటకు మన నేల మీద గొప్ప నిదర్శనం ఉన్నది. 1969లో పాలకొల్లులో పుట్టిన శ్రీనివాస్ చేతికి బాల్యంలో దొరికినది మాండలిన్. కర్ణాటక సంగీతానికి అది పరాయి వాద్యం. ఆయన గురువు రుద్రరాజు సుబ్బరాజుగారికి మాండలిన్ వాయించడం రాదు. గురువు పాడితే శిష్యుడు విని దానినే తీగ మీద పలికించేవాడు. మన గుడివాడలో 1978లో జరిగిన త్యాగరాజ ఆరాధనోత్సవాలలో ఆ బాలుడు తొలి కచేరీ చేశాడు. 2014లో కన్నుమూసేనాటికి మాండలిన్ అంటే శ్రీనివాస్ అన్నంతగా పేరు పొందాడు. మన సమాజం నుండే మరొక పేరు చెప్పవచ్చు. ప్రకాశం జిల్లా కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానా నాదస్వర విద్వాంసులై శ్రీరంగంలో స్థిరపడి దేశమంతటా మన్నన పొందారు. ఆయన శిష్యులైన షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులను 2020లో పద్మశ్రీ వరించింది. సంగీతాన్ని గురించిన ధర్మసూక్ష్మాలను పండితులకు వదలి మేము చెప్పదలచినది ఇంతే. ఆ వాద్యాలను విద్యగా మార్చినవి వినే చెవి, నేర్పే గురువు, నిత్యమూ చేసిన రియాజ్. ఆ మూడింటిలో మొదటిది కొంతమేరకు ఆట ఇవ్వగలదు. తక్కిన రెండూ ఇవ్వలేదు.

అవి ఇవ్వవలసినది ఇల్లు, కళాశాల. కావున పాలక సంఘానికి మా విన్నపం ఒకటి. వాడుకలో లేక తాళం వేసి ఉన్న గదిని శనివారం సాయంత్రం ఒక గంట తెరిపించండి. ఒక గిటారు, ఒక హార్మోనియం, ఒక డప్పు కొనండి. వార్షికోత్సవ వేదిక అలంకరణకు చేసే ఖర్చులో కొంత తగ్గించుకొన్నా ఇది సాధ్యమే. నేర్పేవారిని పట్నం నుండి రప్పించనక్కరలేదు. మన విద్యార్థుల పల్లెలలోనే దరువు తెలిసిన పెద్దలు ఉన్నారు. వారిని గౌరవంగా పిలిచి, కుర్చీ వేసి కూర్చోబెట్టి, పారితోషికం ఇచ్చి నేర్పించమని కోరుదాము.

విద్యార్థులకు మా మాట ఒకటి. ఆడుకోండి, కాని ఆట ముగిసిన తరువాత తెర ఆర్పివేసి అదే పాటకు ఉత్త చేతులతో తాళం వేసి చూడండి. తాళం నిలబడితే మీరు కొంత నేర్చుకొన్నట్టు. నిలబడకపోతే రంగు చుక్కలే మిమ్ములను ఆడించినట్టు.

చివరి మాట మాకే వర్తిస్తుంది. పద్యాన్ని పైకి చదివించకుండా గురులఘువులు మాత్రం గుర్తింపజేసి మార్కులు వేసిన ఇన్నేళ్ళూ మేము చేసినది కూడా రంగు మీటలు నొక్కించడమే. పిఠాపురపు కవి ఉమర్ ఆలీషా వంటి మహనీయులు మన సమాజంలోనే పుట్టి తెలుగు పద్యాన్ని స్వంతం చేసుకొన్నారు. ఆ పద్యం మా తరగతిలో కాగితం మీదనే మిగిలిపోతే ఆ తప్పు విద్యార్థులది కాదు. ఈ సంవత్సరం నుండి మా తరగతిలో గణవిభజనకు ముందు పద్యపఠనం జరుగుతున్నది. విద్యార్థులు బల్ల మీద చేతితో మాత్రలు కొడుతూ చదువుతున్నారు. ప్రక్క గదిలోని అధ్యాపక మిత్రులకు ఆ చప్పుడు ఇబ్బంది కలిగిస్తున్నదని మాకు తెలుసు. దయతో మరికొంతకాలం సహించవలసిందిగా వారిని ప్రార్థిస్తున్నాము.